సుగంధిపాల వాసన వెతుక్కుంటూ

యాత్రలు చేసే మనిషిని కాను నేను. తిరుపతి రెండుసార్లు, అన్నవరం ఒకసారి, అంతే నా తిరుగుడు. అలాంటిదాన్ని పోయిన డిసెంబరులో ఒక గాజు ఫ్లాస్కును తువ్వాలులో చుట్టి, స్టీలు టిఫిన్ క్యారియర్‌లో పెట్టుకుని, ఎరగని ఊళ్లన్నీ తిరిగొచ్చాను. వచ్చాక అందరూ అడిగింది ఒకటే, అక్కడ ఏం చూశావని. చూసింది తక్కువే. నేను వెళ్లింది ఒక వాసన కోసం.

ముందు నా పని గురించి చెప్పాలి. బాపట్ల దగ్గర ఒక కాలేజీ ల్యాబులో పాతికేళ్లుగా టెక్నీషియన్ని. మొక్క నుంచి గోరంత ముక్క తీసి, చక్కెరా ఉప్పులూ కలిపిన నీళ్లలో, ఫ్లాస్కులో పెంచుతాం. మొదట అది కణాల ముద్దవుతుంది. ఆ ముద్దలోంచి సన్నటి తెల్లటి వేర్లు పుడతాయి. అడవిలో మొక్కను పీకి చంపే పని లేకుండా, దాని మందు మాత్రం ఫ్లాస్కులోనే తయారు చేయించుకోవాలని మా ఆశ. మేం పెంచేది సుగంధిపాల, ఎండాకాలం షర్బత్ చేసుకునే వేరు; దాని వాసనే మందు. వాసన ఎంత గట్టిగా ఉంటే మందు అంత ఉన్నట్టు.

మా సుగంధిపాల ఫ్లాస్కులు స్వరూపవి. మందమర్రి పిల్ల, ఎలా వచ్చిందో మా వైపు ఉద్యోగానికి వచ్చి నా పక్క బల్ల మీద పనిచేసేది. తొమ్మిదేళ్ల కిందట సెలవుకు ఊరెళ్లి, చేతిరుమాలులో ఒక వేరు చుట్టి తెచ్చింది. "మా భీంబాయి తవ్విచ్చింది విజయక్కా, జర వాసన సూడు," అని నా ముక్కు కింద పెట్టింది. ఆ వేరు నుంచే మొదటి ఫ్లాస్కు తయారైంది. తర్వాత ఎన్ని ఫ్లాస్కుల్లోకి మార్చామో, ఏ ఫ్లాస్కు దూది బిరడా తీసినా గదంతా గుమ్మని అదే వాసన. అన్నం తినేటప్పుడు కూడా ఆమె చేతులకు ఆ వాసనే ఉండేది.

మూడేళ్ల కిందట బతుకమ్మకు ఊరెళ్లిన స్వరూప తిరిగి రాలేదు. మూడు రోజుల జ్వరం. నాకు తెలిసేసరికి పదకొండో రోజు కూడా అయిపోయింది. ఫ్లాస్కులు నా చేతికొచ్చాయి. నా కంటే శుభ్రంగా ఎవరూ చూసుకోలేరని నా గర్వం. వేర్లు నిజంగానే బలిశాయి, మల్లెల్లా తెల్లగా. వాసన మాత్రం నెల నెలకూ తగ్గి, చివరికి లేకుండా పోయింది.

మా సార్ మంచివాడే. "విజయగారూ, వచ్చే సోమవారానికి ఆ రాక్ ఖాళీ చేయాలండీ. వాసన లేని వేర్లను ఎన్నాళ్లు మేపుతాం? పన్నెండూ ఆటోక్లేవ్‌లో పెట్టేయండి," అన్నారు. ఆటోక్లేవ్ అంటే పెద్ద ప్రెషర్ కుక్కర్. అందులో పెట్టింది ఏదీ బతకదు. స్వరూపది అని చెప్పుకోవడానికి ఆ పన్నెండు ఫ్లాస్కులు తప్ప నా దగ్గర ఒక ఫోటో కూడా సరైనది లేదు.

మొదటి వేరు దొరికిన చోటికి వెళ్లి కొత్త వేరు తెస్తానని సెలవు అడిగాను. ఒక ఫ్లాస్కు నాతో తీసుకెళ్తానన్నాను, పోలిక చూడటానికని. అది అబద్ధం. దాన్ని ఒకసారి వాళ్ల ఊరికి తీసుకెళ్లాలనిపించింది, అంతే.

కరీంనగర్

మా వైపు నుంచి రైలెక్కితే నేరుగా మంచిర్యాలలో దిగొచ్చు, అక్కడి నుంచి మందమర్రి ఎంతో దూరం లేదు. నేను కరీంనగర్ మీదుగా ఎందుకు వెళ్లానంటే, పిరికితనం. స్వరూప వాళ్లక్క అనసూయ మందమర్రిలో ఉంటుంది. చెల్లెలు పోతే పలకరించడానికి కూడా రాని మనిషిని, మూడేళ్ల తర్వాత వేరు కావాలని ఏ ముఖంతో వెళ్లను? కరీంనగర్ మూలికల దుకాణాల్లోనే పచ్చి వేరు దొరికితే అటు నుంచి అటే తిరిగి రావచ్చని పథకం వేశాను.

చలి మాత్రం నేననుకున్నది కాదు. మా దగ్గర డిసెంబరంటే ఫ్యాను ఒకటో నంబరులో పెట్టుకునే రోజులు. ఇక్కడ పొద్దున ఎనిమిదింటికి కూడా టీ కొట్టు దగ్గర మనుషులు చెవులకు మఫ్లర్లు చుట్టుకుని, గ్లాసును రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు. మధ్యాహ్నం మెస్సులో పచ్చిపులుసు పోశారు. మేం చారంటే మరగకాస్తాం. వీళ్లు చింతపండు రసంలో ఉల్లిపాయలు పిసికి, పొయ్యి మొహం చూపించకుండానే అన్నంలో పోస్తారు. మొదటి ముద్దకు పళ్లు జివ్వుమన్నాయి. మూడో ముద్దకు, స్వరూప మా ఇంట్లో చారు తిని "బాగుందక్కా, గని ఉడుకవెట్టి పాడు జేసిన్రు" అన్నది గుర్తొచ్చి, ఇంకో గరిటె అడిగి పోయించుకున్నాను.

టవర్ సర్కిల్ దగ్గర మూలికల దుకాణంలో ముసలాయన గోనెసంచిలోంచి వేర్లు తీసి తూచాడు. పావు కిలో నూట ఇరవై. వాసన చూశాను. దుమ్ము వాసన, కొంచెం కలరా ఉండల వాసన.

"ఇందులో సుగంధిపాల ఎక్కడుందండీ?" అన్నాను.

ఆయన నన్నొకసారి చూసి, తూచింది మళ్లీ సంచిలో పోసుకున్నాడు. "నిజం జెప్పాల్నా మేడం? అసలుది వచ్చి రెండేండ్లాయె. ఆదిలాబాద్ అడివిల కెల్లి గోండు ముసలమ్మలు తెచ్చేటోళ్లు. గిప్పుడు వస్తలేరు. గిది ఏదో వేరు, గంతే. వాసన తెల్సినోళ్లు అడుగుతలేరు కదా, నడుస్తుంది."

కోపం రావాలి కానీ రాలేదు. వాసన తెలిసిన మనిషిని అని ఆయన ఒప్పుకున్నందుకు లోపల కొంచెం సంతోషమే అయింది.

మందమర్రి

పొద్దున బస్సులో కండక్టర్ ఆడవాళ్లందరికీ సున్నా టికెట్లు కొడుతూ నా ఆధార్ చూశాడు. "ఆంధ్రనా అక్కా? గట్లయితె పైసలియ్యాలె," అని నవ్వాడు. నా పక్కన కూర్చున్న ఆమె, కిటికీ పక్క సీటూ ఉచిత టికెట్టూ రెండూ ఉన్న దర్జాతో, నా ఒళ్లో క్యారియర్ వైపు చూసింది. బస్సు కుదుపుకు మూతా తువ్వాలూ జారి ఫ్లాస్కు కనిపిస్తోంది.

"సేమ్యానా?"

"కాదండీ, వేర్లు. మందు వేర్లు."

"అయ్యో. ఎవలికి బాగలేదు?"

"నా స్నేహితురాలికి," అన్నాను.

"తక్కువైతది తియ్యి, ఫికర్ జెయ్యకు," అని ఆమె నా మోకాలి మీద తట్టింది. గోదావరి దాటేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఏడుపు వస్తే చూసేవాళ్లు ఎక్కువ ఆ బస్సులో.

మందమర్రిలో గని కార్మికుల క్వార్టర్లన్నీ ఒకే తీరుగా ఉంటాయి, వేపాకుల మీద కూడా సన్నటి నల్లటి దుమ్ము. షిఫ్టు సైరన్ మోగగానే వీధిలో ఆడవాళ్లు పొయ్యి మీద గిన్నెలు మార్చుకుంటారు, గడియారం చూసే పనే లేదు. అనసూయ ఇల్లు అడిగితే ఇద్దరు వెంట వచ్చి చూపించారు.

తలుపు తీసిన మనిషికి స్వరూప నుదురు, స్వరూప పళ్లవరుస. దారంతా కూడబలుక్కున్న క్షమాపణ మర్చిపోయి, క్యారియర్ పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను.

"నువ్వు విజయవు గదా?" అంది ఆమే. "ఫోన్ల సూపిచ్చేది మా స్వరూప. లోపలికి రా చెల్లె, చలిల నిలవడ్డవ్."

గిన్నె అడుగున వేలితో చిల్లులు పొడిచి కాల్చిన సర్వపిండి పెట్టింది. పల్లీలు, నువ్వులు పంటికింద కరకరలాడుతున్నాయి. అది నోట్లో పెట్టుకుని, "నేను రాలేదు, నాకెవరూ చెప్పలేదు," అన్నాను. పాతికేళ్ల ఉద్యోగం చేసిన దాన్ని, చిన్నపిల్లలా ఫిర్యాదు చేశాను.

అనసూయ తల వంచుకుంది. "తప్పు మాదే చెల్లె. నీ నంబరు దాని ఫోన్లనే ఉండె. ఆ ఫోను ఎట్ల తెరువాల్నో మాకు తెల్వలే. దినాలు అయినంక కాలేజీ నంబరు దొర్కింది."

మూడేళ్లుగా నేను పెంచుకున్న అలక అంత మామూలు కారణంతో పోయింది. ఫ్లాస్కు తీసి ఆమె చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసింది. "గిదేనా అది సాదిన సెట్టు? రోజు ఫోన్ల దీని ముచ్చటే." గాజుకు ముక్కు ఆనించి, "వాసన రాదేంది?" అంది.

"అందుకే వచ్చానక్కా."

అనసూయా స్వరూపల చిన్నప్పటి నుంచీ ప్రతి ఏడూ కాలనీలో ఇంటింటికీ వేర్లు అమ్ముకోవడానికి వచ్చే గోండు ముసలమ్మే భీంబాయి. వాళ్లమ్మకు మంచి స్నేహితురాలట. మోకాళ్ల నొప్పులతో రావడం మానేసింది కానీ ఉంది, ఉట్నూరు అవతల గూడెంలో. "రేపు నేను గుడ వస్త. నువ్వొక్కదానివి పోతె ఆ ముసల్ది నీకు గడ్డిపోస గుడ ఇయ్యది," అంది అనసూయ.

ఉట్నూరు అవతల

శుక్రవారం. లక్సెట్టిపేట, జన్నారం దాటాక రోడ్డుకు రెండు పక్కలా టేకు చెట్లు. మంచు పొగలో బస్సు హెడ్‌లైట్లు వేసుకునే నడిచింది. అడవి దాటితే పత్తి చేలు. అక్కడ దిగి ఒక గంట నడక.

భీంబాయి ఎండలో గొంగడి పరుచుకుని కూర్చుని ఉంది. అనసూయను చూడగానే దగ్గరికి లాక్కుని తల నిమిరింది. జొన్నరవ్వతో వండిన గట్క, పప్పు పెట్టింది. మేం మూడు పూటలా అన్నం తినేవాళ్లం, గట్క గొంతు దిగడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత ఇప్పపువ్వు లడ్డు ఇచ్చింది. అది మాత్రం అడిగి రెండోది తిన్నాను.

మధ్యాహ్నం కర్ర పట్టుకుని మమ్మల్ని చేల గట్టు అవతలికి తీసుకెళ్లింది. పొద కింద నేలను పాకిన సన్నటి తీగ, పొడుగాటి ఆకుల మీద తెల్లటి చారలు. నేను తొమ్మిదేళ్లు ఫ్లాస్కులో వేర్లుగానే చూసిన మొక్క, మట్టిలో చూడటం అదే మొదటిసారి. ఇక తవ్వుతుందనుకున్నాను. తవ్వలేదు. తీగ మొదలు దగ్గర కొంచెం మట్టి తోసి, వేరును మూడు చోట్ల గోటితో గట్టిగా నొక్కింది. మళ్లీ మట్టి కప్పింది. తీగకు దారం కట్టి, నాలుగు జొన్న గింజలు పెట్టి, "ఎల్లుండి వస్త, కోపం జేసుకోకు," అని చెప్పి లేచింది.

"ఇవాళే తవ్వొచ్చు కదా అవ్వా? నేను సోమవారానికల్లా వెళ్లాలి," అన్నాను.

"చెప్పకుంట తీస్తరా బాయి?" అంది, నేనేదో సిగ్గులేని మాట అన్నట్టు చూసి.

నాకు ఓపిక తక్కువని మా ఇంట్లో అందరికీ తెలుసు. వాళ్లిద్దరూ ముందు నడుస్తుంటే వెనకపడి, గట్టు మీద ఇంకో తీగను పుల్లతో తవ్వి వేరు లాగాను. వాసన లేకపోలేదు, ఉంది. కానీ స్వరూప చేతిరుమాలులోది కాదు, దాని నీడ లాంటిది. తలెత్తితే భీంబాయి కర్ర మీద ఆనుకుని చూస్తోంది. తిట్టలేదు, నవ్వింది. "దొంగతనం జేస్తివి. అది దాసుకున్నది."

సిగ్గుపడుతూనే ఇంటికొచ్చి ఫ్లాస్కు చూపించాను. వద్దనేలోపే దూది బిరడా పీకేసింది. నా ప్రాణం గిలగిల్లాడింది. గాలి తగిలితే బూజు పడుతుంది, ఫ్లాస్కు పోయినట్టే. ఆమె లోపలికి ముక్కు పెట్టి, తల అడ్డంగా ఊపింది.

"ఏం వెట్టి సాదుతున్నరు దీన్ని?"

"చక్కెర, ఉప్పులు. చీకట్లో, చల్లగా. కదలకుండా చూసుకుంటాను. పురుగూ బూజూ ఏదీ దగ్గరికి రాదు."

"మేక రాదు, పురుగు రాదు, నీళ్ల దూప గాదు. ఇగ ఎవలికి భయపడి వాసన జేస్తది బాయి? తిని పంటది." అని, రెండు వేళ్లు లోపలికి పోనిచ్చి, వేర్లను అక్కడక్కడా గోటితో నొక్కింది. పొద కింద తీగను నొక్కినట్టే. దూది పెట్టి నా చేతికిచ్చింది. "ఎల్లుండి సూడు."

అప్పుడు గుర్తొచ్చింది నాకు.

స్వరూప కూడా నొక్కేది. ఫ్లాస్కుల్లో వేర్లు కోతకు రావడానికి రెండు రోజుల ముందు, ఫోర్సెప్స్ అనే పట్టకారును మంట మీద కాల్చి, చల్లారాక, ప్రతి ఫ్లాస్కులోనూ వేర్లను పుటుక్ పుటుక్‌మని నొక్కి మూసేది. పెదవులు కదిలేవి. అనవసరంగా దూది తీస్తే బూజు పడుతుందని సార్ రెండుసార్లు కోప్పడ్డారు. నేనూ కోప్పడ్డాను. చిన్నప్పటి అలవాటక్కా అనేది, అంతే. ఆమె పోయాక నేను చేసిన మొదటి పని ఆ అలవాటు తీసేయడం. ఆమె ఫ్లాస్కులకు చిన్న దెబ్బ కూడా తగలకూడదని.

భయపడితేనే కణాలు మందు తయారు చేస్తాయని, సుఖంగా ఉంటే ఊరికే పెరుగుతాయని, పెద్ద ల్యాబుల్లో ఏవో కలిపి వాటిని కావాలనే భయపెడతారని సార్ పిల్లలకు పాఠం చెబుతుంటే, వెనక సింకులో గాజుసామాను కడుగుతూ ఎన్నిసార్లు విన్నానో. ఆ పాఠానికీ స్వరూప ఫోర్సెప్స్‌కూ ఏమైనా సంబంధం ఉంటుందని ఒక్కరోజూ తోచలేదు. ఆ వాసనను పోగొట్టింది నేనే, నా ప్రేమతో, నా శుభ్రతతో.

ఎదురుచూసిన రోజు

శనివారం చేయడానికేమీ లేదు. అనసూయా నేనూ భీంబాయి కోడలితో కలిసి పత్తి ఏరడానికి పోయాం. గంటకే నా వేళ్లు గీసుకుపోయాయి. అనసూయ వరుసలో నా పక్కనే ఏరుతూ ఉన్నట్టుండి ఆగింది.

"సెట్టుకు గుడ రెండు దినాల ముంగటనే చెప్తరు గీళ్లు," అంది. "స్వరూపను తీస్కపోయేటప్పుడు మనకెవలు జెప్పిండ్రు చెల్లె?"

ఇద్దరం పత్తిచేలో నిలబడి ఏడ్చాం. భీంబాయి కోడలు మా ఒళ్లోని పత్తిని కూడా తన మూటలోకి ఎత్తుకుని, మమ్మల్ని పలకరించకుండా ముందుకు పోయింది. ఆ మర్యాద నాకు నచ్చింది.

ఆదివారం పొద్దున తవ్వాం. దారం కట్టిన తీగ వేరు విరవగానే ముక్కు పగిలిపోయేంత వాసన. సగం వేరే తీసి, సగం మట్టిలో ఉంచింది భీంబాయి. డబ్బులిస్తే తీసుకోలేదు, "స్వరూప బిడ్డలకు గాదా" అంది. బిడ్డలంటే ఫ్లాస్కులని అర్థమవడానికి నాకు కాస్త సమయం పట్టింది.

మంచిర్యాల స్టేషన్

సాయంత్రం రైలు గంట ఆలస్యం. అనసూయ నన్ను ఎక్కించి పోతానని కూర్చుంది. ప్లాట్‌ఫారం బెంచీ మీద క్యారియర్ తెరిచి ఫ్లాస్కు చూశాను. నీళ్లు మసకబారాయి, అంచున బూజు నూగు కనిపిస్తోంది. ల్యాబు లెక్కలో అది చచ్చిన ఫ్లాస్కు. ఎలాగూ పోయిందే కదా అని దూది తీశాను.

బూజు వాసన. దాని వెనకాలే, సన్నగా, ఎండిన మట్టి తడిసినట్టు, తియ్యగా, ఆ వాసన. అన్నం ముద్ద కలుపుతున్న స్వరూప చేతి వాసన.

అనసూయ నా చేతిలోంచి ఫ్లాస్కు లాక్కుంది. రైలొచ్చి ఆగేదాకా ముక్కు దగ్గర నుంచి తీయలేదు. "గిది నాకిడిసిపెట్టు," అంది. బూజు ఫ్లాస్కు ఇంట్లో ఉంచుకోకూడదు, కడిగేయాలి అని చెప్పడం నా ధర్మం. చెప్పలేదు. ఇచ్చేశాను.

తిరిగొచ్చాక

సోమవారం సార్‌ను రెండే రోజులు అడిగాను. ఆయన గడియారం వైపూ, ఖాళీ కావాల్సిన రాక్ వైపూ చూసి, నేను తెచ్చిన వేరు వాసన చూసి, బుధవారం దాకా అన్నారు. ఫోర్సెప్స్ మంట మీద కాల్చాను. పదకొండు ఫ్లాస్కులు. ఒక్కొక్కదాని వేర్లను నొక్కి, మూసే ముందు, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని చెప్పాను. స్వరూప పెదవులు ఏం పలికేవో నాకిప్పుడు తెలుసు.

"ఎల్లుండి వస్త, కోపం జేసుకోకు."

బుధవారం పొద్దున సార్ రాకముందే మొదటి దూది తీశాను. గదంతా నిండలేదు. మునుపటిలా ఇంకెప్పటికైనా నిండుతుందో లేదో తెలియదు. కానీ ఉంది. నాలుగో ఫ్లాస్కులో ఎక్కువే ఉంది.

సార్‌కు కాకుండా ముందు మందమర్రికి ఫోన్ చేశాను.

"అక్కా, వచ్చింది."

అవతల సైరన్ మోగుతోంది. అది ఆగాక అనసూయ మెల్లగా, "చెల్లె, జర ఫోను దాని దగ్గర వెట్టు," అంది.

ఫోన్లో వాసన పోదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. నాలుగో ఫ్లాస్కు దూది తీసి, మూతి దగ్గర ఫోను పెట్టి, సార్ వచ్చేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాను.